యంత్రము లేని యింట ఫ్యాక్సు



గత మాసమున ఎండుమిరపకాయలకు బూజు పట్టకుండ నిలువచేయు విధమును వ్రాసి, ఈ మాసమున చింతపండును గూర్చి ముచ్చటించెదమని మాట యిచ్చియుంటిమి. ఆ మాటను వచ్చు నెలకు జరుపుచున్నందులకు మన్నింపుడు. మా వీధిలో నొక తల్లి పడిన యాందోళనమును కన్నులార చూచిన పిదప, అందువలన మేము నేర్చినదానిని మీకు చెప్పక చింతపండును గూర్చి వ్రాయుటకు చేయి రాలేదు.

మా దాచేపల్లి మీలో పలువురు బస్సు కిటికీలోనుండి చూచియే యుందురు. వాడపల్లికడ కృష్ణను దాటి, పొందుగల మీదుగా పిడుగురాళ్లకు పోవు త్రోవలో నాగులేటి యొడ్డున నున్నది. సున్నపురాయి, మిరప, ప్రత్తి మా ప్రాంతపు సంపదలు. ఇప్పుడు వానికి తోడు నాలుగవ సంపద యొకటి చేరినది, దూరదేశములకేగిన బిడ్డలు. వీధికొక యింటనైనను అమెరికాలో నొక కొడుకో, కూతురో యుండకపోరు. కావున అక్కడి కార్యాలయముల యాచారములు మన వంటయింటివరకును వచ్చుచున్నవి.

మా యింటికి మూడవ యింటనున్న యొకామెను మేము పిన్నిగారని పిలుతుము. ఆమె కుమార్తె టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరము చేరువ కాపురమున్నది. మొదటి కానుపు అయిదేండ్ల క్రిందట గుంటూరులో శస్త్రచికిత్సచేత జరిగినది. గడచిన మార్గశిరమున ఆ పిల్లకు రెండవ కానుపు దగ్గరపడినది. అక్కడి వైద్యురాలు, "మొదటి కానుపునాడు గర్భాశయమునకు పెట్టిన కోత యెట్టిది? ఆనాటి ఆపరేషను పత్రము నేను చూడవలెను" అని యడిగినదట.

ఈ ప్రశ్నలోని గురుత్వమును ముందుగా చెప్పవలెను. పొట్టపై కనబడు మచ్చను చూచి లోపలి కోతను ఊహింపరాదు. పైచర్మముమీద అడ్డకోత యుండి, లోపల గర్భాశయముమీద నిలువుకోత యుండవచ్చును. క్రిందిభాగమున అడ్డకోత పెట్టినవారిలో పలువురకు, తక్కిన పరిస్థితులు అనుకూలించినయెడల, మరుసటి కానుపు సహజముగా జరుగుటకు అవకాశమిత్తురు. నిలువుకోత పడినవారికి నొప్పులు వచ్చినచో గర్భాశయము చిట్లు ప్రమాదము మిక్కుటము. కావున నొప్పులు రాకమునుపే ఆపరేషను చేయుదురు. ఈ భేదమును చెప్పగలది ఆనాటి పత్రమొక్కటియే. ఆ పత్రమో, పిన్నిగారి బీరువాలో పాత పట్టుచీర మడతలలో గుడ్డసంచియందు భద్రముగా నున్నది!

వాట్సప్పులో బొమ్మలు తీసి పంపిరి. దీపపు నీడలు పడి యక్షరములు మసకలై చదువ శక్యము కాలేదు. అదిగాక, "ఫోనులోని బొమ్మలను మేము దస్త్రములో చేర్చుకొనము; ఫ్యాక్సు చేయుడు" అని ఆ వైద్యశాల కార్యాలయమువారు చెప్పిరట. పిల్లకు మంచము దిగరాదని యాజ్ఞ. అల్లుడు ఉద్యోగరీత్యా వేరొక పట్టణమున నుండెను. బాబాయిగారు కాగితములు చంకబెట్టుకొని బజారున కేగిరి. మా బజారున నొక దుకాణముపై "ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., జిరాక్సు, ఫ్యాక్సు" అను రంగుబలక నేటికిని వెలిసిపోయి వ్రేలాడుచున్నది. దుకాణదారుడు నవ్వి, "ఫ్యాక్సా బాబాయిగారూ! ఆ మిషను పాత ఇనుముకింద వేసి ఎన్నేళ్లయిందో" అనెనట. పిడుగురాళ్లకు పోయి వచ్చిరి. అక్కడను అదియే మాట.

సాయంకాలము పిన్నిగారు మా గుమ్మము పట్టుకొని నిలిచిరి. "అమ్మాయీ, మాష్టారుగారింట ఏదైనా దారి దొరుకుతుందేమోనని వచ్చాను. కాగితం నా చేతిలో ఉంది, పిల్ల అక్కడ ఉంది. మధ్యన ఈ ఫ్యాక్సేమిటో నాకు తెలియడం లేదు" అని కన్నీరు పెట్టుకొనిరి. మావారు బడినుండి వచ్చి కాఫీ త్రాగుచుండిరి. "యంత్రము లేకున్ననేమి, ఇంటర్నెట్టులోనుండి ఫ్యాక్సు పంపవచ్చును" అనిరి. మేమును అదివరకు వినియుంటిమి గాని చేసియుండలేదు. ఆ రాత్రి చేసితిమి. చేసి యొక తప్పును చేసితిమి. ఆ తప్పే ఈ వ్యాసమునకు మూలము.

ముందుగా ఫ్యాక్సనగా నేమో తెలిసికొందము. చుక్కల ముగ్గు వేయని యాడుది మనలో లేదు. ఒక గ్రామమందలి యిల్లాలు తన ముగ్గును చూచుచు, "మొదటి వరుసలో మూడవ చుక్క నలుపు, నాలుగవది తెలుపు" అని ఫోనులో వరుసవరుసగా చెప్పుచుండగా, వేరొక గ్రామమందలి యామె విని యట్లే చుక్కలు పెట్టినచో, అదే ముగ్గు అక్కడను తేలును గదా! ఫ్యాక్సుయంత్రము చేయుపని యింతియే. కాగితమును సన్నని వరుసలుగా చదివి, నలుపు తెలుపులను ధ్వనులుగా మార్చి టెలిఫోను తీగపై పంపును. ఆవలి యంత్రము ఆ ధ్వనులను విని చుక్కలుగా ముద్రించును. 1980లో దేశదేశముల వారును అంగీకరించిన పద్ధతి ప్రకారము వరుసకు 1728 చుక్కలు. నిలువున మిల్లీమీటరునకు సుమారు 4 వరుసలు, సన్నని పద్ధతి యెంచుకొన్నచో సుమారు 8 వరుసలు. పుటకు ఒక నిమిషము పట్టును.

ఇది టెలిఫోను తరువాత పుట్టినదని మేము తలచుచుంటిమి. కాదు! స్కాట్లండు దేశీయుడగు అలెగ్జాండర్ బెయిన్ అను గడియారముల పనివాడు 1843లోనే ఇట్టి యుపాయమునకు హక్కుపత్రము పొందెను. ఇటలీ దేశపు మతాచార్యుడగు జియొవాన్ని కసెల్లి చేసిన యంత్రముతో 1865లో పారిసు, లియాన్ నగరముల నడుమ తంతిపై చేవ్రాతలు నడచినవి. గ్రాహంబెల్లు టెలిఫోను వెలువడినది 1876లో. అనగా మనిషి గొంతుకంటె ముందుగా మనిషి చేవ్రాత తీగనెక్కినది. తంతివార్త మన తెలుగుమాటను వేరొక లిపిలోనికి మార్చినగాని మోసెడిది కాదు. ఆ తంతియు 2013 జూలైలో మన దేశమున నిలిచిపోయినది. ఫ్యాక్సునకు లిపిభేదము లేదు. ముగ్గువలె నున్నదున్నట్లు పంపును. అసంఖ్యాక లిపిచిహ్నములుగల జపానువారు దీనిని అంతగా ప్రేమించుటకు ఇదియు నొక కారణము. 2021లో అక్కడి ప్రభుత్వ కార్యాలయములనుండి ఫ్యాక్సును తొలగింపబూనగా, ఉద్యోగులనుండియే అభ్యంతరములు వచ్చినవి.

ఇంగ్లండున ప్రభుత్వ వైద్యశాలలు క్రొత్త ఫ్యాక్సుయంత్రములను కొనరాదని 2019 జనవరినుండి కట్టడి చేసిరి. అమెరికాలో మాత్రము వైద్యశాలలు, మందులదుకాణములు నేటికిని వీనిని విడువలేదు. రోగుల రహస్యములను కాపాడుటకై 1996లో అక్కడ చేసిన చట్టమునకు లోబడి, అలవాటుపడిన త్రోవయని దీనినే పట్టుకొనియున్నవి. అక్కడి ఆదాయపు పన్నుశాఖవారును కొన్ని దరఖాస్తులను ఫ్యాక్సులో స్వీకరింతురు. కావున మన యూర యంత్రము పాత యినుములో చేరినను, మన బిడ్డలున్నచోట అది మ్రోగుచునే యున్నది.

ఇక యంత్రము లేక పంపు విధము. మనకును ఆవలి యంత్రమునకును నడుమ నొక సంస్థ దూతవలె నిలుచును. ఈఫ్యాక్స్, ఫ్యాక్స్‌జీరో మొదలగునవి యిట్టివి. మనము కాగితమును స్కాను చేసి పి.డి.ఎఫ్. దస్త్రముగా దానికి అప్పగించి, ఆవలి ఫ్యాక్సు నంబరు నిచ్చినచో, ఆ సంస్థ కంప్యూటరు దానిని నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, తానే ఆ నంబరునకు ఫోను చేసి, యంత్రముతో యంత్రభాషలో మాటలాడి యప్పగించును. పిదప "అందినది" యనియో, "అందలేదు" అనియో మనకు ఈమెయిలు వ్రాయును. కొన్ని సంస్థలు కొలది పుటలవరకు రుసుము లేకయే పంపును. అప్పుడు ముఖపత్రముపై తమ ప్రకటనను ముద్రించుకొనును. ఎక్కువ పుటలకు రుసుము కలదు. ఏ సంస్థ యే దేశమునకు పంపునో ముందుగా చూచుకొనవలెను.

స్కానునకు ప్రత్యేక యంత్రము అక్కరలేదు. మన ఫోనే చాలును. వెనుక కామ్‌స్కానర్ అనునది విరివిగా వాడుకలో నుండెడిది. దానిని మన ప్రభుత్వము 2020 జూన్‌లో నిషేధించినది. గూగుల్ డ్రైవులోనే స్కాను చేయు సదుపాయమున్నది. ఆ రాత్రి మేము కాగితములను పీటమీద పరచి, ట్యూబులైటు నీడ పడకుండ కిటికీప్రక్కకు జరిపి, ఒక్కొక్క పుటను సరిగా పైనుండి తీసితిమి. గుంటూరు వైద్యశాలవారి నీలిముద్ర ఫోనులో చక్కగా కనబడినను, నలుపు తెలుపులలోనికి మార్చి చూడగా మాయమైపోయినది. మావారు వెలుతురును తగ్గించి మరల తీయగా స్పష్టపడినది. నాలుగు పుటలు. పిన్నిగారు కుమార్తె ఫోనులో చెప్పిన నంబరును పంచాంగపు టట్టమీద వ్రాసుకొని తెచ్చిరి. దానిని నొక్కి, దస్త్రమును జతపరచి, పంపితిమి. పది నిమిషములలో "విజయవంతముగా చేరినది" అని ఈమెయిలు వచ్చినది. పిన్నిగారు తృప్తిగా నిట్టూర్చి, దేవునిగదివైపు తిరిగి నమస్కరించి, యింటికి పోయిరి.

మరునాటి రాత్రి పిల్ల ఫోను చేసినది. "అమ్మా, వాళ్లకు ఏమీ రాలేదట!" మేము తెల్లబోయితిమి. చేరినదని రసీదు మా చేతిలోనున్నది, చేరలేదని వారనుచున్నారు. ఎవరు అబద్ధమాడిరి? ఎవ్వరును ఆడలేదు. పంచాంగపు టట్టను తెప్పించి, పిల్లచేత నంబరును ఒక్కొక్క అంకెగా చెప్పించితిమి. ఆమె ఇంగ్లీషులో "ఫిఫ్టీన్" అన్నదానిని తల్లి "ఫిఫ్టీ" యని విని, 15కు మారుగా 50 వ్రాసియుండిరి. ఆ తప్పుడు నంబరునకును దైవవశమున నొక ఫ్యాక్సుయంత్రమే యున్నది. అది పలికినది, పుటలను తీసికొనినది, "సరి" యన్నది. దూతగా నిలిచిన సంస్థ తాను చూచినదానిని చూచినట్లు మనకు చెప్పినది. తప్పు మాది. పెద్దామె వ్రాసితెచ్చిన నంబరును మరల సరిచూడకుండ నొక్కినది మేమే.

సోదరీమణులారా, ఆ క్షణమున మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు. ఒక యాడుబిడ్డ శరీరమునకు సంబంధించిన రహస్యము, ఆమె పేరుతోను వయస్సుతోను కూడ, ఎవరో తెలియనివారి గదిలో కాగితములై పడియున్నది. దానిని వెనుకకు పిలువ శక్యము కాదు. వెంటనే అదే తప్పుడు నంబరునకు, "పొరపాటున మీకు చేరిన నాలుగు పుటలను దయయుంచి చదువక చింపివేయుడు" అని వేడుకొనుచు మా ఈమెయిలుతో నొక పుట పంపితిమి. రెండు దినములకు ఒక కార్ల మరమ్మతుశాలనుండి, "చింపివేసితిమి, తల్లీబిడ్డలు క్షేమముగా నుందురు గాక" యని రెండు పంక్తులు వచ్చినవి. ఆ మంచివారి పేరు మేమెరుగము. అందరును అట్టివారే యుందురని నమ్మి కూర్చుండరాదు గదా!

ఇంతవరకు నడచినదానిని తలపోయగా మాకు సుందరకాండము జ్ఞప్తికి వచ్చినది. చిన్ననాడు మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన పాఠము. రామచంద్రుడు హనుమంతునిచేతికి ఉంగరమిచ్చినది దేనికి? పంపినవా డెవడో సీతమ్మకు తెలియుటకు. సీతమ్మ చూడామణి నిచ్చినది దేనికి? వార్త తనకే చేరినదని రామునకు తెలియుటకు. ఉంగరము పోవుటతో పని ముగియదు. చూడామణి తిరిగి రావలెను. మేము ఉంగరమును పంపి, లంకాద్వారమువద్ద కావలివాడు "ఎవరో లోపలికి పోయిరి" అన్న మాటనే చూడామణి యనుకొని సంతోషించితిమి. ఫ్యాక్సు రసీదు కావలివాని మాటవంటిది. ఏదో యొక యంత్రము పుటలను తీసికొన్నదనియే అది చెప్పును. చేరవలసిన మనిషి చేతికి చేరినదని చెప్పదు.

ఇది మావంటి పల్లెటూరివారికే కాదు, రాజ్యము లేలువారికిని తటస్థించినది. 2018 నవంబరు 21వ తేదీన జమ్మూకాశ్మీరమున మెహబూబా ముఫ్తీగారు ప్రభుత్వము నేర్పరచుటకు తమకు బలమున్నదని గవర్నరుగారికి లేఖను ఫ్యాక్సులో పంపబూనగా, రాజభవనమున అది యందుట లేదని వెల్లడించిరి. ఆ రాత్రియే శాసనసభ రద్దయినది. పండుగ సెలవుదినమగుటచే ఫ్యాక్సును చూచువారు లేకపోయిరని గవర్నరు సత్యపాల్ మాలిక్‌గారు పిదప చెప్పిరి. ఆ వివాదమున నెవరిది న్యాయమో మనకేల? ఆవలి గదిలో యంత్రమున్నను మనిషి లేనిచో వార్త లేనట్లేయని గ్రహించిన చాలును. మా పల్నాటివారికి ఈ సంగతి క్రొత్తది కాదు. అలరాజు రాయబారమునకేగి విషప్రయోగమున మడిసెనని వీరగాథ చెప్పును. పోయిన దూత తిరిగి రాని బాధను ఈ నేల ఏనాడో యనుభవించినది.

రెండవమారు మేము పాటించిన నియమములను మీ యుపయోగార్థము వ్రాయుచున్నాము.

మొదటిది, నంబరు. నోటితో విన్నదానిని నమ్మక, వ్రాతమూలకముగా తెప్పించుకొనవలెను. దేశసంఖ్యను చేర్చి (అమెరికాకు 1, మన దేశమునకు 91) నొక్కి, వేరొకరిచేత అంకెవెంట అంకెగా చదివించి సరిచూడవలెను. ఇంట బడిపిల్లవాడున్నచో వానికి ఈ పని యప్పగింపుడు. పెద్దల తప్పు పట్టుటలో వారికి మించిన యుత్సాహవంతులు లేరు.

రెండవది, ముఖపత్రము. ఇది ఉంగరమువంటిది. ఎవరికి, ఎవరినుండి, మొత్తము పుటలెన్ని, పొరపాటున అందినచో ఎవరికి తెలుపవలెను అను నాలుగు సంగతులు దానిపై నుండవలెను. రోగి వ్యాధిని ముఖపత్రముపై వ్రాయరాదు; అది బల్లమీద అందరికంటబడునట్లు పడియుండును. ప్రతి పుటకును "4లో 1, 4లో 2" అని సంఖ్య వేయుడు. నడుమ నొకటి జారినచో తెలియును.

మూడవది, పరీక్షపుట. రహస్యమైన కాగితమును పంపకముందు ముఖపత్రమును మాత్రము పంపి, ఆవలివారు "అందినది" అని నోటితో చెప్పిన పిదపనే తక్కినవి పంపవలెను. ఈ యొక్క జాగ్రత్త చేసియున్నచో మాకు ఆ సిగ్గు తప్పియుండెడిది.

నాలుగవది, సమయము. యంత్రము రాత్రింబవళ్లు మేల్కొనియుండును గాని, కాగితమును తీయు మనిషి పగలే యుండును. డాలసులో ఉదయము 9 గంటలయినపుడు శీతకాలమున మనకు రాత్రి 8:30 గంటలు, వేసవిలో 7:30 గంటలు. వంటయిల్లు సర్దుకొను ఆ వేళయే మనకు అనుకూలము.

అయిదవది, కాగితము. నల్లసిరాతో నున్న వ్రాత చక్కగా పోవును. పెన్సిలు, లేతనీలిముద్ర, రంగుకాగితము పనికిరావు. ఛాయాచిత్రములు నల్లని మచ్చలగును. మన ఏ4 కాగితము నిడివి 297 మిల్లీమీటర్లు, అమెరికా కాగితము నిడివి 279. కావున అడుగున నున్న సంతకము తెగిపోకుండ క్రింద జాగా వదలవలెను. ఆధారు కార్డు అవసరమైనచోట, చివరి 4 అంకెలు మాత్రమే కనబడు ప్రతిని ప్రభుత్వమువారే యిత్తురు. దానిని పంపుట మేలు.

ఆరవది, నడిమి సంస్థ. ఇంటర్నెట్టు ఫ్యాక్సులో మన కాగితము తీగపై పోవుటకు ముందు ఆ సంస్థ కంప్యూటరులో నొక ప్రతిగా నిలుచును. మన ఈమెయిలులో మరియొకటి నిలుచును. ఆ సంస్థ దానిని ఎన్నినాళ్లు ఉంచుకొనునో, తుడిచివేయు సదుపాయము కలదో లేదో చదివి చూచుకొనవలెను. పేరెరుగని ఉచితసంస్థకు వైద్యపత్రము నీయరాదు. "పరీక్షాకాలము ఉచితము" అని చెప్పి, బ్యాంకు కార్డు నంబరు తీసికొని, గడువు దాటగనే నెలనెలకు రుసుము లాగుకొను పద్ధతియు కలదు. పాలచీటీ వ్రాసుకొను గోడక్యాలెండరుమీదనే ఆ గడువు తేదీని వ్రాసి, ముందుగా మాన్పించుకొనుడు.

ఏడవది, చూడామణి. పంపిన గంటలోపల ఆవలి కార్యాలయమునకు ఫోను చేయించి, "ఎన్ని పుటలు వచ్చినవి? కడపటి పుటలో చివరి పంక్తి యేమి?" అని యడిగించి, చెప్పినవారి పేరు, సమయము వ్రాసి యుంచుకొనవలెను. అది కానంతవరకు పని ముగిసినదని దీపమార్పరాదు.

ఫ్యాక్సును తెప్పించుకొనుటయు ఇట్లే యింటనుండి జరుగును. సంస్థవారు నెలసరి రుసుమునకు మనకొక నంబరు నిత్తురు. ఆవలివారు తమ యంత్రమునుండి ఆ నంబరునకు పంపగా, సంస్థ కంప్యూటరు పలికి, పుటలను దస్త్రముగా మార్చి, మన ఈమెయిలునకు చేర్చును. పిన్నిగారి కుమార్తె బిడ్డ టీకాల కాగితములను వేరొక వైద్యశాలనుండి తెప్పించుకొనుటకై ఇటీవల నొక నంబరును తీసికొన్నది. పడకగదిలో కూర్చుండియే కాగితములను అందుకొనుచున్నది. ఒకమాట మరువరాదు. నంబరును మాన్పించిన పిదప అది వేరొకరికి పోవచ్చును. పాతవారెవరైనను దానికి పంపినచో మన కాగితము ఆ క్రొత్తవారి చేతబడును. కావున మాన్పించుటకు ముందు, ఆ నంబరు నిచ్చిన ప్రతి కార్యాలయమునకును తెలుపవలెను.

ఇక పిన్నిగారి కథ. రెండవరాత్రి మేము ముందు ముఖపత్రమును పంపితిమి. పిల్ల మంచముమీదనుండియే ఆ కార్యాలయమునకు ఫోను చేసి, కాగితమును చేతబట్టుకొన్న యుద్యోగినితో మాటలాడి, "వచ్చిందట" అని మాకు చెప్పినది. అప్పుడు నాలుగు పుటలును పంపితిమి. చివరి పుటలోని చివరి పంక్తిని ఆ యుద్యోగిని చదివినది. పిన్నిగారు వింటూ గోడకు చేరబడి యట్లే నేలమీద కూర్చుండిపోయిరి.

మరునాడు వైద్యురాలు పిల్లను పిలిపించి చెప్పినదేమనగా: మొదటి కానుపున శిశువు అడ్డముగా నుండుటచే గుంటూరు వైద్యులు గర్భాశయమునకు నిలువుకోత పెట్టవలసివచ్చినది; పత్రమున స్పష్టముగా వ్రాసియున్నది; కావున నొప్పులకై వేచియుండరాదు. పైమచ్చ అడ్డముగా నుండుటచేత, అంతకుమునుపు సహజప్రసవమునకు అవకాశమిచ్చి చూతమని ఆమె తలచియుండెనట! దినము నిర్ణయించి ఆపరేషను చేసిరి. పుష్యమాసమున ఆడుబిడ్డ కలిగినది. తల్లీబిడ్డలు సుఖముగా నున్నారు. పిన్నిగారు మాకు సున్నుండలు తెచ్చి, "అమ్మాయీ, ఆ నాలుగు కాగితాలే నా బిడ్డను నిలబెట్టాయి" అనిరి. మేము సున్నుండను నోట వేసికొంటిమే గాని, తప్పుడు నంబరును తలచుకొనగా ఆ తీపి కొంత తగ్గినది.

పిన్నిగారు ఆ గుడ్డసంచిని పట్టుచీర మడతలలో అయిదేండ్లు దాచకున్నచో, మావారి కంప్యూటరు, ఆ సంస్థ దౌత్యము, అమెరికా యంత్రము అన్నియు వ్యర్థములే. పంపుటకు ముందు పంపదగినది యింట నుండవలెను. మీ కూతుళ్లయొక్క, కోడండ్రయొక్క ఆపరేషను పత్రములను, రక్తపరీక్షలను, పిల్లల టీకాల పుస్తకములను ఈ వారమే యొకచోట చేర్చుడు. పగటి వెలుతురున స్కాను చేసి, బిడ్డ యెచ్చటనున్న నచ్చటికి ఒక ప్రతి పంపియుంచుడు. కానుపునాటి కోత యెట్టిదో వైద్యులనడిగి వ్రాయించుకొనుడు. అది మీ హక్కు.

రుక్మిణీదేవి విప్రుని పంపి, అతడు తిరిగి వచ్చువరకు పడిన తపనను భాగవతమున వినని యాడుది లేదు. వార్త చేరినదన్న మాట చెవినబడినపుడే యామె గుండె కుదుటపడినది. యుగములు మారినవి, దూతలు మారిరి. ఆ నిరీక్షణ మారలేదు. కావున పంపుడు, పంపి ఊరకుండక అడుగుడు, అడిగి వినుడు.

వచ్చు నెల చింతపండు తప్పదు.